పాత ప్రాసెసర్, కొత్త గ్రాఫిక్స్ కార్డు: కొనే ముందు తేల్చుకోవాల్సిన లెక్క

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలోనో, ఊళ్ళో తెలిసిన షాపులోనో కొన్న రిఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) ఆఫీసు డెస్క్‌టాప్. లోపల 2013 నాటి ఇంటెల్ కోర్ ఐ5-4570, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, షాపువాళ్ళు కొత్తగా వేసిచ్చిన ఎస్ఎస్‌డీ. చదువుకూ ఆఫీసు పనికీ ఢోకా లేదు. గేముల దగ్గరికి వచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డు కావాలి. అడగ్గానే ఒకరు ‘ఆ ప్రాసెసర్‌కు కొత్త కార్డు వేస్తే డబ్బు దండగ, బాటిల్‌నెక్ అవుతుంది, అంటే ప్రాసెసర్ దగ్గరే వేగం ఇరుక్కుపోతుంది’ అంటారు. ఇంకొకరు ‘ఏం కాదు, వేసెయ్’ అంటారు. ఆడేది ఏ గేము, ఎదురుగా ఉన్నది ఎన్ని హెర్ట్జ్ (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగల) మానిటర్ అన్న రెండు ప్రశ్నలు మాత్రం ఇద్దరూ అడగరు. ఆ రెండూ తెలియకుండా ఇచ్చిన ఏ సలహా అయినా గాలిలో దీపమే.

విషయం ఇదీ. పాత ప్రాసెసర్ వల్ల కొత్త కార్డు చెడిపోదు, దాని సత్తా కూడా తగ్గదు. ప్రాసెసర్ చేసేదల్లా ఒక్కో గేములో ఎఫ్‌పీఎస్‌కు (సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేముల, అంటే బొమ్మల సంఖ్యకు) ఒక హద్దు గీయడం. ఆ హద్దు దాకా కార్డు మార్చిన ప్రతిసారీ ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది. హద్దు దాటాక ఎంత ఖరీదైన కార్డు వేసినా అంకె కదలదు. ఆ హద్దు ఎక్కడుందో కొత్త కార్డు కొనకముందే, పాత కార్డుతోనే, పైసా ఖర్చు లేకుండా కొలుచుకోవచ్చు.

ఒక్క ఫ్రేము వెనక

తెర మీద కనిపించే ప్రతి ఫ్రేమూ రెండు చేతులు మారి వస్తుంది. మొదటిది ప్రాసెసర్. ఆటగాడు ఏ మీట నొక్కాడు, శత్రువు ఎటు కదలాలి, కారు దేన్ని గుద్దింది, ఈ క్షణంలో కెమెరా ముందు ఏయే వస్తువులున్నాయి అన్నవన్నీ తేల్చి, ‘ఇది గీయి, దాని పక్కన ఇది గీయి’ అంటూ వందల నుంచి వేల ఆదేశాలు తయారుచేస్తుంది. వీటినే డ్రా కాల్స్ అంటారు. అవి చేతికందాకే కార్డు పిక్సెళ్ళు నింపడం మొదలుపెడుతుంది. కార్డు ఒక ఫ్రేము గీస్తూ ఉండగానే ప్రాసెసర్ తరవాతి ఫ్రేము పనిలో ఉంటుంది కాబట్టి రెండు సమయాలూ కలిపి లెక్కేయనక్కర్లేదు. రెండింట్లో ఏది ఎక్కువైతే అదే ఆ ఫ్రేము సమయం. మేస్త్రీ ఎంత చురుకైనవాడైనా ఇటుకలందించే మనిషి వేగానికి మించి గోడ లేవదు కదా, అంతే.

సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 75కి 13.3, 144కి 6.9. ఇప్పుడు ఒక గేములో ఐ5-4570 ఒక్కో ఫ్రేము పనికి 14 మిల్లీసెకన్లు తీసుకుంటోంది అనుకుందాం. అంటే హద్దు 71 ఎఫ్‌పీఎస్. పాత కార్డు అదే ఫ్రేమును 33 మిల్లీసెకన్లలో గీస్తుంటే వచ్చేది 30 ఎఫ్‌పీఎస్. 11 మిల్లీసెకన్లలో గీసే కొత్త కార్డు వేస్తే రావలసింది 91, వచ్చేది 71. ఇంకా డబ్బు పోసి 5 మిల్లీసెకన్లలో గీసే కార్డు తెచ్చినా మళ్ళీ అదే 71. ఈ మూడో కార్డు ప్రతి ఫ్రేములోనూ 9 మిల్లీసెకన్లు చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్ళకు 30 నుంచి 71కి వెళ్ళడమంటే అడగాల్సినదంతా దొరికినట్టే. అదే ప్రాసెసర్, అదే కార్డు, 144 హెర్ట్జ్ మానిటర్ కొనుక్కున్నవాళ్ళకు సగం కూడా కాదు. ‘ఈ ప్రాసెసర్‌కు ఈ కార్డు 23 శాతం బాటిల్‌నెక్’ అని ఒకే అంకె చెప్పే కాలిక్యులేటర్లను అందుకే పక్కన పెట్టాలి. గేము మారితే, రిజల్యూషన్ మారితే, అదే గేములో ఊరు దాటి అడవిలోకి వెళ్తే కూడా ఆ శాతం మారిపోతుంది.

రిజల్యూషన్ సంగతి చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. 1080పీలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్ళు, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. ఈ బరువంతా కార్డు మీదే పడుతుంది. ఎన్ని పిక్సెళ్ళున్నా శత్రువులు అంతమందే, కార్లు అన్నే, కాబట్టి ప్రాసెసర్ పని దాదాపు మారదు. ప్రాసెసర్ హద్దు దగ్గర ఆగిపోయి కార్డు ఖాళీగా ఉన్నప్పుడు టెక్స్చర్లు, యాంటీ అలియాసింగ్ (అంచుల గరుకు తగ్గించేది), రిజల్యూషన్ పెంచుకోవచ్చు. ఎఫ్‌పీఎస్ తగ్గదు, బొమ్మ మాత్రం బాగుపడుతుంది. ఇక తగ్గించాల్సినవి వేరే ఉంటాయి: జన సాంద్రత, దూరంలో కనిపించే వస్తువుల సంఖ్య, ఫిజిక్స్, రే ట్రేసింగ్ (వెలుగునీడలను కిరణాల లెక్కతో గీయడం). జీటీఏ 5లో పాపులేషన్ డెన్సిటీ, ఎక్స్‌టెండెడ్ డిస్టెన్స్ స్కేలింగ్, సైబర్‌పంక్ 2077లో క్రౌడ్ డెన్సిటీ ఈ కోవలోవే. రే ట్రేసింగ్ కార్డు పని మాత్రమే అనుకుంటారు గానీ, కదిలే వస్తువుల లెక్క ప్రతి ఫ్రేముకూ సరిచేసి అందించే భారం ప్రాసెసర్ మీద కూడా గట్టిగానే పడుతుంది.

డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (చిన్నగా గీసి పెద్దది చేయడం) కూడా తగ్గించేది కార్డు పనే. హద్దు ప్రాసెసర్‌దైతే వాటిని ఆన్ చేసినా అంకె కదలదు. ఫ్రేమ్ జనరేషన్ అలా కాదు. ప్రాసెసర్‌తో పనిలేకుండా కార్డే మధ్యలో ఫ్రేములు పుట్టిస్తుంది కాబట్టి అంకె పెరుగుతుంది. మీట నొక్కిన దానికి స్పందన మాత్రం అసలు ఫ్రేముల వేగంలోనే ఉంటుంది. అసలు ఎఫ్‌పీఎస్ 35 దగ్గర తడబడుతుంటే దాన్ని 70గా చూపించినా చేతికి ఆ బరువు తెలుస్తూనే ఉంటుంది.

హద్దు కొలిచే పద్ధతి

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. దానితోపాటే వచ్చే రివాట్యూనర్‌ను కూడా వదిలిపెట్టకూడదు, తెర మీద అంకెలు చూపేది అదే. సెట్టింగ్స్‌లో మానిటరింగ్ ట్యాబ్‌కు వెళ్ళి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, ఒక్కో కోర్ వాడకం, ఫ్రేమ్‌రేట్, ఫ్రేమ్‌టైమ్, ‘1 శాతం లో’ (అన్నింటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం), మెమరీ వాడకం ఎంచుకుని, ప్రతిదానికీ ఆన్ స్క్రీన్ డిస్‌ప్లే టిక్ పెట్టాలి. గేములో వీ సింక్ (ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపాలి, ఎఫ్‌పీఎస్ పరిమితి ఉంటే తీసెయ్యాలి. ఈ రెండూ మరిచిపోయి 60 దగ్గర ఆగిపోయిన అంకెను చూసి ‘ప్రాసెసర్ చాల్లేదు’ అనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

కొలత మెనూలోనో, ఖాళీ గదిలోనో వద్దు. జీటీఏ 5 అయితే లాస్ శాంటోస్ నడిబొడ్డున ట్రాఫిక్‌లో కారు తోలాలి. సైబర్‌పంక్ అయితే సంత మధ్యలో నడవాలి. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2 అయితే పది మందీ ఒకేచోట పొగ బాంబులు వేసుకుంటున్న రౌండు చూడాలి. ముందు మామూలుగా ఆడే సెట్టింగ్స్‌తో ఐదు నిమిషాలు. తరవాత రిజల్యూషన్ 1280×720కి దించి, గ్రాఫిక్స్ అంతా ‘లో’ (తక్కువ) స్థాయికి మార్చి, జన సాంద్రత, దూరం లాంటి ప్రాసెసర్ సెట్టింగ్స్ మాత్రం రేపు కొత్త కార్డుతో ఎలా ఆడదలచుకున్నారో అలాగే ఉంచి, అదే దారిలో మళ్ళీ ఐదు నిమిషాలు.

రెండోసారి వచ్చిన ఎఫ్‌పీఎస్సే ఇంచుమించుగా ప్రాసెసర్ హద్దు. ఒక్క షరతు: ఆ సమయంలో కార్డు వాడకం 90 శాతం కంటే బాగా కింద ఉండాలి. 720పీలో కూడా పాత కార్డు 98 శాతంలోనే కొట్టుకుంటుంటే ఇంకా హద్దు తగల్లేదని అర్థం. రెండర్ స్కేల్ ఉంటే 50 శాతానికి దించి మళ్ళీ చూడాలి. అసలు కార్డే లేకుండా ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్‌తో నడిపే కంప్యూటర్లలో ఈ పరీక్ష కుదరదు, ఆ గ్రాఫిక్స్ 720పీకే అలిసిపోతుంది. ఒక పూట ఎవరిదగ్గరైనా కార్డు అడిగి తెచ్చుకోవాలి. లేదా అదే ప్రాసెసర్‌ను ఏదైనా బలమైన కార్డుతో అదే గేములో నడిపిన వీడియో చూసి, అందులో జీపీయూ వాడకం తక్కువగా ఉన్నచోట ఎఫ్‌పీఎస్ ఎంతో చూసుకోవాలి.

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 60 శాతమే చూపిస్తోందని నిశ్చింతగా ఉండటం ఇంకో పొరపాటు. అది అన్ని థ్రెడ్ల (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరసల) సగటు. చాలా గేముల్లో డ్రా కాల్స్ తయారుచేసే ప్రధాన థ్రెడ్ ఒక్కటే ఉంటుంది. ఎనిమిది థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఆ ఒక్కటీ పూర్తిగా నిండినా మొత్తం మీద కనిపించేది 12.5 శాతం. పైగా విండోస్ ఆ థ్రెడ్‌ను ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మారుస్తూ ఉంటుంది కాబట్టి విడివిడి గ్రాఫుల్లోనూ ఏదీ 100 తాకకపోవచ్చు. నమ్మదగిన గుర్తు జీపీయూ వాడకమే: పరిమితులేవీ పెట్టకుండా కార్డు 95 దాటి నడుస్తుంటే హద్దు కార్డుది, 60, 70 దగ్గర తిరుగుతుంటే హద్దు ప్రాసెసర్ వైపుది. ఇంకా కచ్చితంగా కావాలంటే ఇంటెల్ ఉచితంగా ఇచ్చే ప్రెజెంట్‌మాన్‌లో జీపీయూ బిజీ అన్న అంకె చూడొచ్చు. ఫ్రేము సమయం 14 మిల్లీసెకన్లు, అందులో కార్డు పనిలో ఉన్నది 8 అని చూపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

నాలుగు థ్రెడ్ల కష్టం

సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కటే చూసి మురిసిపోకూడదు. ఐ5-4570లో కోర్లు నాలుగు, థ్రెడ్లూ నాలుగే. 2014 నాటి ఐ7-4790లో కోర్లు అవే నాలుగు, థ్రెడ్లు ఎనిమిది. 2016 దాకా వచ్చిన చాలా గేముల్లో ఈ రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. అస్సాసిన్స్ క్రీడ్ ఒరిజిన్స్, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ లాంటి వాటికి వచ్చేసరికి నాలుగు థ్రెడ్లూ నూరు శాతం నిండిపోతాయి. సగటు 60 దగ్గరే ఉన్నా ‘1 శాతం లో’ 25 దాకా పడిపోవచ్చు. అంటే ఆట సాఫీగా వెళ్తూ వెళ్తూ, వీధి మలుపు తిరిగినప్పుడల్లా గట్టిగా కుదుపు తగులుతుంది. కొత్త వీధి బొమ్మల్ని ఎస్ఎస్‌డీ నుంచి తెచ్చి విప్పడం, షేడర్లు (కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ చేయడం, శబ్దం, నెట్‌వర్క్ అన్నీ ఆ నాలుగు థ్రెడ్లలోనే ఇరుక్కోవాలి. వెనకాల బ్రౌజర్‌లో పది ట్యాబులు, డిస్కార్డ్, యాంటీవైరస్ స్కాన్ ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. సైబర్‌పంక్ కనీస అవసరాల జాబితాలో 2023 నుంచి ఐ7-6700 ఉండటానికి కారణం గిగాహెర్ట్జ్‌ల కంటే థ్రెడ్లే అనుకోవచ్చు.

దీనికి ఖర్చులేని చికిత్స ఒకటుంది, విచిత్రంగా అది ఎఫ్‌పీఎస్‌ను తగ్గించడమే. సగటు 65 వస్తున్నచోట రివాట్యూనర్‌లో ఫ్రేమ్‌రేట్ లిమిట్ 50 లేదా 45 పెడితే ప్రతి ఫ్రేము తరవాతా ప్రాసెసర్‌కు కాస్త ఊపిరి దొరుకుతుంది. వెనక పనులు ఆ సందులో అయిపోతాయి. కుదుపులు పూర్తిగా పోవు గానీ చాలావరకు సర్దుకుంటాయి. కుదుపుల 65 కంటే నిలకడైన 50 కంటికీ చేతికీ హాయిగా ఉంటుంది.

ప్రాసెసర్ మోస్తున్న నిందలు

ప్రాసెసర్‌దే తప్పని తేల్చేముందు మూడు చోట్ల చెయ్యి పెట్టి చూడాలి. మొదటిది ర్యామ్. రిఫర్బిష్డ్ డెస్క్‌టాప్‌లలో 8 జీబీ ఒకే స్టిక్‌గా రావడం మామూలు. డీడీఆర్3-1600 ఒక్క స్టిక్ ఇచ్చే బ్యాండ్‌విడ్త్ సెకనుకు 12.8 జీబీ. అలాంటిదే రెండో స్టిక్ రెండో చానెల్‌లో పెడితే 25.6. కార్డు వేసిన పాత కంప్యూటర్‌లో ప్రాసెసర్ తరచూ మెమరీ కోసం ఎదురుచూస్తుంటుంది కాబట్టి ఈ మార్పు సగటులో కంటే ‘1 శాతం లో’ అంకెలో బాగా కనిపిస్తుంది. పైగా ఇప్పటి గేములకు 8 జీబీ ఎటూ చాలదు. సీపీయూ జెడ్‌లో మెమరీ ట్యాబ్ తెరిస్తే చానెల్ దగ్గర సింగిలా డ్యూయలా తెలుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులనూ పక్కపక్కన గుచ్చేస్తే రెండూ ఒకే చానెల్‌లో పడే ప్రమాదం ఉంది. సాధారణంగా ఒకే రంగు స్లాట్లు ఒక జోడీ. రంగుల మీదే ఆధారపడకుండా బోర్డు మీద అచ్చేసిన నంబర్లు కూడా సరిచూసుకోవాలి, పెట్టాక సీపీయూ జెడ్‌లో మళ్ళీ చూడాలి.

రెండోది వేడి. పదేళ్ళు నడిచిన కంప్యూటర్‌లో థర్మల్ పేస్టు ఎండి సుద్దలా రాలుతుంది, ఫిన్నుల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుంటుంది. ఐ5-4570 లాంటి హాస్వెల్ (ఇంటెల్ నాలుగో తరం) ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మే నెలలో గది 38 డిగ్రీలున్నప్పుడు, కొత్తగా చేరిన కార్డు అదే క్యాబినెట్‌లోకి ఇంకో 130 వాట్ల వేడి వదులుతుంటే ఆ 100 ఎంతో దూరంలో ఉండదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఆడుతున్నప్పటి ఉష్ణోగ్రత, గడియార వేగం రెండూ చూడాలి. ఐ5-4570 అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు కూడా 3.2 గిగాహెర్ట్జ్ కంటే దిగకూడదు. దిగుతుంటే పేస్టు మార్చాలి. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో శనగగింజంత పెడితే చాలు. స్టాక్ కూలర్ నాలుగు పుష్ పిన్నులను మూలలకు ఎదురెదురుగా నొక్కాలి. ఒక్కోటి టక్కుమనాలి. ఒక్క పిన్ను సగమే దిగినా కూలర్ ఒకవైపు లేచి, కొత్త పేస్టు వేశాక వేడి ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది. బోర్డు వెనక నుంచి చూస్తే నాలుగు పిన్నుల నల్ల మొనలూ సమానంగా బయటకు రావాలి.

మూడోది చిన్న విషయం: విండోస్ పవర్ ప్లాన్ పవర్ సేవర్‌లో ఉండిపోవడం. ఆఫీసు నుంచి వచ్చిన కంప్యూటర్లలో ఇది కనిపిస్తూ ఉంటుంది.

పాత బోర్డుకు సరిపడే కార్డు

హద్దు తెలిశాక కార్డు ఎంపిక. ఇక్కడ ప్రాసెసర్ కంటే బోర్డే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే ఇప్పటి చౌక కార్డులు పీసీఐఈ లేన్లు (బోర్డుకూ కార్డుకూ మధ్య డేటా దారులు) తక్కువ వాడుకుంటాయి. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే లేన్లు. పీసీఐఈ 4.0 బోర్డులో సెకనుకు 8 జీబీ దాకా అందుతుంది. 3.0 బోర్డులో అది సగమై 4 జీబీకి, 2.0 బోర్డులో 2 జీబీకి పడిపోతుంది. కార్డులో మెమరీ కూడా 4 జీబీయే కావడంతో, అది నిండిన ప్రతిసారీ టెక్స్చర్లు ఈ సన్నటి దారిలోనే ర్యామ్ నుంచి రావాలి. పాత కంప్యూటర్‌కు ఇంతకంటే సరిపడని కార్డు లేదు. 

ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 3050లకు ఎనిమిది లేన్లు. 3.0లో కూడా సెకనుకు దాదాపు 8 జీబీ వస్తుంది, మెమరీ 8 జీబీ ఉన్న మోడళ్ళలో నష్టం స్వల్పం. ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీకి, పాత ఆర్ఎక్స్ 580కి పూర్తి పదహారు లేన్లు. నాలుగో తరం ఐ5 కాబట్టి పీసీఐఈ 3.0 ఖాయమనుకోవడానికీ లేదు. అసెంబుల్డ్ కంప్యూటర్లలో విరివిగా వాడిన హెచ్81 బోర్డుల్లో కార్డు స్లాటు 2.0కే పరిమితం. బీ85, హెచ్87, జెడ్87లలో 3.0 వస్తుంది. రెండో తరం శాండీ బ్రిడ్జ్‌కు ఏ బోర్డులోనైనా 2.0 మాత్రమే. జీపీయూ జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ గడి పక్కన ఉన్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపిస్తేనే అసలు వేగం కనిపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు కరెంటు ఆదా కోసం 1.1కి దిగి ఉంటుంది, దాన్ని చూసి భయపడనక్కర్లేదు.

ఇంటెల్ ఆర్క్ కార్డులు ధరకు తగ్గ బలమున్నవే అయినా ఈ తరం కంప్యూటర్లకు పనికిరావు. వాటికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చేరుకునే వీలు) కావాలి. అది లేకపోతే పనితీరు బాగా పడిపోతుంది. పాత హాస్వెల్ బోర్డుల బయోస్‌లలో (ఆన్ చేయగానే బోర్డును మేల్కొలిపే ప్రోగ్రాముల్లో) ఆ సెట్టింగే ఉండదు. ఇక ఎన్విడియా, ఏఎండీల మధ్య ఒక తేడా గుర్తుంచుకోదగ్గది. డైరెక్ట్ఎక్స్ 12 గేముల్లో ప్రాసెసర్ హద్దు తగిలినప్పుడు, ఎన్విడియా డ్రైవర్ ప్రాసెసర్ మీద పెట్టే భారం ఎక్కువ. బలమైన ఎన్విడియా కార్డు కంటే ఒక మెట్టు కిందున్న రేడియన్ కార్డే ఎక్కువ ఎఫ్‌పీఎస్ ఇవ్వడం పాత ప్రాసెసర్ల మీద పరీక్షల్లో కనిపించింది. 1080పీలో గేములే ఆడే ఐ5-4570కు ఆర్ఎక్స్ 6600 దగ్గర ఆగడం మంచిది. అంతకు మించి పెట్టిన డబ్బు 60 హెర్ట్జ్ మానిటర్ మీద కనిపించదు.

తరవాతి గండం ఎస్ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా. స్లాటు నుంచి వచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. ఆరు పిన్నుల ప్లగ్గు ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తుంది. ఆర్ఎక్స్ 6600కు 132 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060కి 115, 3060కి 170. ఆఫీసు మినీ టవర్లలో ఉండే 290 వాట్ల ఎస్ఎంపీఎస్‌కు ఆ అదనపు ప్లగ్గే ఉండదు. అప్పుడు షాపులో ఒక కన్వర్టర్ చేతిలో పెడతారు: సాటా పవర్ నుంచి ఎనిమిది పిన్నులకు. సాటా ప్లగ్గు 12 వోల్ట్‌ల మీద మోయగలిగేది 54 వాట్లు. దాని మీద 100 వాట్లు లాగితే ముందు ప్లాస్టిక్ కరుగుతుంది, తరవాత మంట. ఆ కన్వర్టర్ ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మంచి కంపెనీ 450, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ వేయడమే దారి. అయితే డెల్, హెచ్‌పీ ఆఫీసు మోడళ్ళు చాలావాటిలో మదర్‌బోర్డు ప్లగ్గు మామూలు 24 పిన్నులది కాదు. కొన్నింట్లో 8, కొన్నింట్లో 6. మోడల్‌కు తగ్గ కేబులు కూడా కొనాలి, కొత్త ఎస్ఎంపీఎస్ ఆ క్యాబినెట్ రంధ్రాలకు సరిపోతుందో లేదో టేపుతో కొలిచి చూడాలి. సన్నటి ఎస్ఎఫ్ఎఫ్ క్యాబినెట్ అయితే ఎస్ఎంపీఎస్ మార్పిడి మాటే లేదు. ప్లగ్గు అక్కర్లేని లో ప్రొఫైల్ (పొట్టి) కార్డులే గతి: జీటీఎక్స్ 1650, లేదా 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ.

కార్డు బిగించాక తెర నల్లగా ఉండిపోతే కంగారుపడేముందు కేబులు చూడాలి. మానిటర్ కేబులు మదర్‌బోర్డు పోర్టులోనే ఉండిపోవడం అన్నింటికంటే మామూలు కారణం. వీజీఏ మాత్రమే ఉన్న పాత మానిటర్‌కు కొత్త కార్డు నుంచి నేరుగా కేబులు వెళ్ళదు, యాక్టివ్ కన్వర్టర్ కావాలి. అవన్నీ సరిగ్గా ఉన్నా వెలగకపోతే బయోస్ పాతబడిందని అనుమానించాలి. 2011, 2012 నాటి బోర్డుల్లో ఇది ఎక్కువ. కార్డు తీసేసి, లోపలి గ్రాఫిక్స్‌తో ఆన్ చేసి, కంపెనీ చివరిగా విడుదల చేసిన బయోస్ వేసి మళ్ళీ ప్రయత్నించాలి. బయోస్ రాస్తున్న ఆ రెండు మూడు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు పనైపోయినట్టే. యూపీఎస్ మీద పెట్టి చేయాలి.

ప్రాసెసర్ కూడా మార్చాలా

కొలత తరవాత హద్దు మీ మానిటర్‌కు చాలడం లేదని తేలితే, అదే సాకెట్‌లో పైమెట్టు ఉందేమో చూడాలి. ఈ విషయంలో ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. 2017, 2018లలో రైజెన్ 5 1600, 2600లతో కొన్న బీ350, బీ450 బోర్డులకు 2022లో వచ్చిన బయోస్‌లతో రైజెన్ 5 5600 కూర్చుంటుంది. అదే ర్యామ్, అదే కూలర్. గేముల్లో ఇది ఒకేసారి రెండు మూడు తరాలు దూకినంత తేడా. ధర కొద్దిగా తక్కువని 5500, లేదా లోపలి గ్రాఫిక్స్ ఉందని 5600జీ తీసుకుంటే మాత్రం ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) 32 నుంచి 16 ఎంబీకి తగ్గుతుంది, గేముల్లో అది తెలుస్తుంది. విడిగా కార్డు ఉన్నప్పుడు 5600 తీసుకోవడమే సరైనది.

ఐ5-4570 సాకెట్‌లో సెకండ్ హ్యాండ్ ఐ7-4770, 4790, లేదా జియాన్ ఈ3-1231 వీ3 దొరుకుతాయి. థ్రెడ్లు నాలుగు నుంచి ఎనిమిదవుతాయి కాబట్టి పైన చెప్పిన కుదుపులు బాగా తగ్గుతాయి. సగటు మాత్రం కొద్దిగానే పెరుగుతుంది, కోర్ అదే హాస్వెల్ కదా. జియాన్‌లో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, కార్డు పాడైతే తెర వెలగదు. 8 సిరీస్ (హెచ్81, బీ85 లాంటి) బోర్డులకు 4790 పెట్టేముందు బయోస్ అప్‌డేట్ చేయాలి. ఆఫీసు బ్రాండ్ల బోర్డులు జియాన్‌ను ఒప్పుకోకపోవచ్చు. ఐ5-6500 వాళ్ళకు ఐ7-6700, బయోస్ అనుమతిస్తే 7700. ఎనిమిదో తరం ప్రాసెసర్లు అదే 1151 పిన్నులతో వచ్చినా ఆ బోర్డుల్లో పనిచేయవు. శాండీ, ఐవీ బ్రిడ్జ్ (రెండో, మూడో తరం) కంప్యూటర్ల మీద ఇక డబ్బు పెట్టకపోవడం మేలు. వాటిలో ఏవీఎక్స్2 ఆదేశాలు లేవు, అది లేకపోతే తెరుచుకోని కొత్త గేములు వస్తున్నాయి. దానికి ఏ కార్డూ పరిష్కారం చూపలేదు.

గేముల కోసం కాకుండా బ్లెండర్‌లో సైకిల్స్ రెండరింగ్‌కో, ఇంట్లోనే చిన్న ఏఐ మోడల్ నడపడానికో కార్డు కొనేవాళ్ళు ఈ లెక్కంతా పట్టించుకోనక్కర్లేదు. దృశ్యం ఒకసారి కార్డు మెమరీలోకి ఎక్కాక ప్రాసెసర్‌తో పెద్దగా పనిలేదు. అక్కడ చూడాల్సింది మెమరీ ఎన్ని జీబీ అన్నదే. ఐ5-4570 పక్కన ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ వాళ్ళకు ఏమాత్రం దండగ కాదు.

వాలరంట్ ఆడేవాళ్ళు ఇంకో లెక్క చూసుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం లేదా రైజెన్ 2000 నుంచి పైన ఉండాలి. షాపుల్లో అడ్డదారిన 11 వేసిచ్చిన హాస్వెల్ కంప్యూటర్ మామూలుగా నడుస్తుంది గానీ, విండోస్ 11 మీద వాలరంట్‌కు టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ తప్పనిసరి. ఆ కాలపు బోర్డుల్లో టీపీఎం ఉంటే సాధారణంగా 1.2 ఉంటుంది. ఎఫ్‌పీఎస్ హద్దు 150 ఉన్నా లాభం లేదు, గేము తెరవగానే వ్యాన్ 9001 అన్న ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

చివరగా ఖర్చు వరస. పేస్టు, దుమ్ము దులపడం, పవర్ ప్లాన్ ముందు. తరవాత రెండో ర్యామ్ స్టిక్, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. ఎందుకంటే డీడీఆర్3 ర్యామ్, పాత ఐ7 రెండూ ఈ బోర్డుతోనే పోతాయి, వాటి మీద కొత్త సరుకు ధర పెట్టకూడదు. గ్రాఫిక్స్ కార్డు, మంచి ఎస్ఎంపీఎస్ మాత్రం రేపు కొత్త బోర్డు కొన్నప్పుడు అందులోకి మారతాయి. ఏడాది రెండేళ్ళలో మొత్తం మార్చే ఆలోచన ఉంటే ఇవాళ్టి ప్రాసెసర్ హద్దుకు ఒక మెట్టు పైనున్న కార్డు తీసుకున్నా తప్పులేదు. అది ఇప్పుడు ఖాళీగా ఉంచే మిల్లీసెకన్లు అప్పుడు పనికొస్తాయి.